రెండో మల్హర్‌రావు

ఫ్రీమాంట్,
3 జూన్ 2025

చి. శశికాంత్‌కు నీ బావ లక్ష్మీపతి ఆశీస్సులు.

నా నోరు మూతపడింది. స్వరపేటిక మీద కాయలు కట్టాయట. ఆరు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు డాక్టరు. మీ అక్క ఆ మాట వింటూ నవ్వు ఆపుకోలేక కళ్ళద్దాలు తుడుచుకుంది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఇంత ప్రశాంతత చూడలేదట. ఆఫీసు మీటింగుల్లో టైప్ చేసి చూపిస్తున్నాను, ఇంట్లో పలక మీద రాస్తున్నాను.

డాక్టరు చెప్పింది ఇంకొకటి ఉంది. నువ్వు కడుపులో దాచుకో. సెప్టెంబరు 13 ఆటకు గొంతు నిలవవచ్చు, ఆ తర్వాత జన్మలో పద్యం జోలికి పోవద్దన్నాడు. అంటే మన మల్హర్‌రావు నాటకమే నాకు ఆఖరిది. మీ అక్కకు మాత్రం ఈసారి వేషం కట్టడం లేదని, రాసి ఊరుకుంటున్నానని చెప్పాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇంట్లో రెండు ఫోన్లూ ఆవిడ చేతిలోనే ఉంటాయి. నువ్వు కూడా నా ఆఫీసు చిరునామాకు కాగితం మీదే రాయి. ఫోన్‌లో నాటకం మాట ఎత్తావంటే నీకూ నాకూ చెల్లు.

ఇక పని. పన్నెండేళ్ళు ఫ్రిస్కోలో ఉండి నేను కట్టిన నాటక సమాజం, నేను ఉద్యోగం మారి ఇటు వచ్చానని చెదిరిపోకూడదు. తండ్రి చచ్చి మామ పంచన చేరి, గొర్రెలు కాచిన పిల్లవాడు గుర్రమెక్కి, పీష్వా కంటపడి, మాళవ గెలిచి, ఇండోర్‌లో హోల్కర్ల వంశాన్ని నిలబెట్టిన కథ ఇది. నాలుగేళ్ళు పుస్తకాలు తిరగేసి రాశాను. ఇండోర్‌లో జెండా ఎత్తినప్పుడు పాడే ఆఖరి పద్యం ఒక్కటే ఏడాది పట్టింది. అది నేను పాడాలి, నేను పాడగా జనం వినాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

నువ్వు మామ భోజ్‌రాజ్ దళంలో రౌతువి. నీకు రెండు మాటలున్నాయి. నేను వచ్చేదాకా శనివారం రిహార్సల్స్‌లో నా చోట నువ్వు నిలబడు. పద్యం వచ్చినప్పుడు చదివేసి ఊరుకో. పాడకు.

హాలు సాయంత్రం ఆరింటికి ఖాళీ చేయాలని మన కార్యదర్శి దేవకుమార్‌కు గుర్తుచేయి. పోయినేడు నాటకంలో రాజు ప్రాణం పోతుండగానే ఆ హాలు తాళాల మనిషి లైట్లు వేసేశాడు.

మాట పడిపోయిన నీ బావ,
లక్ష్మీపతి


ఫ్రిస్కో,
14 జూన్ 2025

పూజ్యులైన బావగారికి, శశి నమస్కారాలు.

మీ ఉత్తరం కార్‌లోనే చదివాను. గొంతు తప్పకుండా వస్తుంది బావా. వేడినీళ్ళు తాగండి, ఏసీ తగ్గించుకోండి.

మీరు చెప్పినట్టే మీ చోట నిలబడ్డాను. మొదటి శనివారం చదివి ఊరుకున్నాను. రెండో శనివారం మణి గారు హార్మోనియం ఆపేసి, “ఇదేందయ్యా, న్యూస్ చదివినట్టు చదువుతున్నావు. నేను శ్రుతి పట్టుకోవాలా వద్దా?” అని కసిరారు. ఆయన సంగతి మీకు తెలుసు కదా. ఆదివారం చర్చిలో కీబోర్డు దగ్గర ఎంత శాంతంగా ఉంటారో, శనివారం హార్మోనియం దగ్గర అంత కోపంగా ఉంటారు. భయపడి పాడాను. గొర్రెల మంద దగ్గర నిద్రపోయి లేచాక పాడే పద్యం. పాము పడగ పట్టిందని అందరూ చెప్పుకుంటారే, ఆ సీను.

పాట అయ్యాక దేవకుమార్ గారు, “మన ఊళ్ళో కాంట్రాక్టు నాటకాల్లో హీరో వేషం ఇద్దరు పంచుకునేవాళ్ళు కదా? మొదటి రాజు, రెండో రాజు అని పోస్టరు మీద వేసేవాళ్ళు. మనమూ అట్లా చేద్దాం. శశి సగం చేస్తే లక్ష్మీపతి గారికి లోడ్ తగ్గుతుంది” అన్నారు. ఆయనకు మీ గొంతు సంగతి తెలియదు, ఫ్లైట్‌లో వచ్చిపోవడం మీకు కష్టమని అన్నారు.

నేను మాత్రం బావగారిని అడగకుండా చెప్పలేనన్నాను. మీ ఇష్టమే నా ఇష్టం.

మీ బావమరిది,
శశికాంత్


ఫ్రీమాంట్,
21 జూన్ 2025

చి. శశికి,

పాడవద్దన్నాను. పాడావు. సరే.

నువ్వు పాడింది నాకు తెలియకపోలేదు. దేవకుమార్ గ్రూపులో పెట్టిన క్లిప్పు మీ అక్కకు చేరింది. ఉప్మా కలుపుతూ ఒకసారి, బట్టలు మడతపెడుతూ ఒకసారి, మొత్తం పదకొండుసార్లు విన్నది. “మా తమ్ముడి గొంతులో తేనె ఉంది” అంటోంది. నేను పలక మీద ‘ఆపు’ అని రాసి చూపిస్తే అద్దాలు లేవంది. పెళ్ళయిన కొత్తలో ఈ తేనె నా గొంతులో ఉండేది.

నీ పాటలో పట్టు ఉంది, కాదనను. ఎక్కడ నేర్చుకున్నావో కూడా మరవకు. పదమూడేళ్ళ కింద నువ్వు హెచ్-1బి మీద వచ్చి మా ఇంట్లో ఆరునెలలున్నప్పుడు, ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ నేను పాడితే పక్క సీట్లో కూర్చుని విన్నావు. మొదట్లో నీకు రాగం తీయడానికి ఊపిరి చాలేది కాదు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో ఈమధ్య తరచు గుర్తొస్తోంది. నవ్వుకుంటూ రాస్తున్నాను, నవ్వుకుంటూనే చదువు.

ఇద్దరు మల్హర్‌రావులకు ఒప్పుకుంటున్నాను. మొదటివాడివి నువ్వు. గొర్రెలు, పాము, మామ ఇల్లు, మొదటి గుర్రం, మామ కూతురు గౌతమితో పెళ్ళి నీవి. రెండోవాణ్ణి నేను. పీష్వా, మాళవ, ఇండోర్ నావి. పోస్టరు మీద నా పేరు పైన ఉండాలి.

లక్ష్మీపతి


ఫ్రిస్కో,
5 జూలై 2025

బావగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. తప్పు నాదే. మణి గారు ఒంటరిగా దొరికితే మీ గొంతు సంగతి చెప్పాను, ప్రార్థనలో తలచుకుంటారని. ఆయన పాస్టరు గారికి చెప్పారు. ఆదివారం తెలుగు సర్వీస్‌లో, “ఫ్రీమాంట్‌లో ఉన్న మన లక్ష్మీపతి గారి గొంతు స్వస్థత కొరకు” అని మైకులో ప్రార్థన చేశారు. రెండు వందల మంది ఆమెన్ అన్నారు. అక్క స్నేహితులు ఆ చర్చికి ఎవరూ రారు, భయపడకండి.

దాంతో కమిటీ కూర్చుంది. రెండో మల్హర్‌రావుకు పై స్థాయి పద్యాలు ఎక్కువ కాబట్టి అది నన్ను చేయమన్నారు. మొదటి మల్హర్‌రావుకు పద్యాలు తక్కువ, అన్నీ కింది స్థాయివే కాబట్టి మీకు సుఖంగా ఉంటుందన్నారు. దేవకుమార్ గారు, “ఆయనకే మంచిది శశీ. ఆయన లెజెండ్. వచ్చి నిలబడినా చప్పట్లు కొడతారు” అన్నారు.

నేను వద్దన్నాను బావా. గట్టిగా అనలేకపోయాను. మీరు ఏమంటే అది.

శశి


ఫ్రీమాంట్,
12 జూలై 2025

చిరంజీవి శశికాంత్‌కు అనేక ఆశీస్సులు.

కమిటీ నిర్ణయం బాగుంది. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి గొర్రెల కాపరి పిల్లవాడిగా నిలబెట్టడం మన రంగస్థలానికి కొత్తేమీ కాదు. బొజ్జకు నడుంగుడ్డ బిగిస్తే సరిపోతుంది. వచ్చి నిలబడినా చప్పట్లు కొడతారన్నందుకు దేవకుమార్‌కు నా ధన్యవాదాలు చెప్పు. శవాన్ని నిలబెట్టినా కొడతారు.

నేను మొదటివాణ్ణి, నువ్వు రెండోవాడివి. నాకు ఏ బాధా లేదు.

ఒక్క చిన్న మార్పు. మొదటి భాగం పల్చగా ఉందని నాకు ఎప్పటినుంచో అనుమానం. నాలుగు పద్యాలు కొత్తగా రాసి దీనితో జతచేస్తున్నాను, అన్నీ మొదటి మల్హర్‌రావువే. నాలుగోది మామ భోజ్‌రాజ్ తన గుర్రాన్ని మేనల్లుడికి అప్పగించినప్పుడు వస్తుంది. ప్రతి పద్యానికీ ముందూ వెనకా రాగం తీయడానికి చోటు వదలమని మణికి చెప్పు. జనం వన్స్‌మోర్ అంటే ఇచ్చి తీరాలి, ప్రేక్షకుల మాట కాదనకూడదు. మొదటి భాగంలో ఒక్క అక్షరం కోసినా నాటకం నా పేరు మీద ఆడవద్దు. ఇది కర్తగా నా ఆజ్ఞ. రెండో భాగం మీ ఇష్టం వచ్చినట్టు కుదించుకోండి.

హాలు ఈసారి కూడా ఆరింటికేనా? ఊరికే అడుగుతున్నాను.

సదా నీ క్షేమం కోరే బావ,
లక్ష్మీపతి


ఫ్రిస్కో,
13 జూలై 2025

బావా!

మీ జవాబు కోసం ఆగలేక రాస్తున్నాను. నిన్న రిహార్సల్‌లో తేల్చేశాను. “బావగారికి ఇది ఆఖరి నాటకం. ఆ ఇండోర్ పద్యం ఆయన పాడకపోతే నేను అసలు స్టేజీ ఎక్కను” అన్నాను. మనీషా కూడా అక్కడే ఉంది, ఇంటికొచ్చాక, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను గట్టిగా మాట్లాడటం మొదటిసారి విన్నానంది.

కమిటీ ఒప్పుకుంది. రెండో మల్హర్‌రావు మీరే. మొదటివాణ్ణి నేను. పోస్టరు ప్రింట్‌కి వెళ్ళిపోయింది, ఇక మారదు. ఎంత చిన్న భాగమైనా నాకు చాలు.

మీ శశి


ఫ్రిస్కో,
19 జూలై 2025

బావా,

మీ కవరు ఇవాళ వచ్చింది. నా ఉత్తరం మీకు చేరకముందే మీరు రాశారు. మొదటివాణ్ణి నేను అని మీరు పైకి రాసుకున్నా, ఆ పద్యాలు చూడగానే నాకు అర్థమైంది. నేను రెండోది వదులుకుంటానని మీకు ముందే తెలుసు. నా మనసు మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చిన్న భాగం దక్కినవాడి చేతిలో మీ జీవితంలోకెల్లా మంచి పద్యాలు పెట్టారు.

నాలుగోది కార్‌లో పాడుకుంటూ వస్తూ ఎగ్జిట్ దాటిపోయాను.

గొర్రె వెంట దిరుగు కుర్రకు గుర్రమ్ము
నిచ్చి యెక్కుమనిన నీవె మామ!
ఏలు నేల లెన్ని యెదురుగా నిలిచిన
తొలుత నెక్కినట్టి తురగ మెదనె!

మీరు మామ అని రాశారు. నేను బావ అని చదువుకున్నాను. ఆఫీసుకు పోయే దారిలో మీ పక్క సీట్లో కూర్చున్న రోజులు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు ఆగలేదు. మణి గారు ఇప్పటికే రాగం కట్టేశారు.

మీ రుణం తీర్చుకోలేని,
శశి


ఫ్రీమాంట్,
26 జూలై 2025

చి. శశికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెనక ఒకటి చదివాను. రెండో భాగం నాకు వదిలినందుకు సంతోషం.

ఆ నాలుగు పద్యాల సంగతి. మళ్ళీ చూసుకుంటే నాకే నచ్చలేదు. తొందరలో రాశాను. కథ నడక కుంటుపడుతోంది. తీసేయండి. పాత ప్రతి ప్రకారమే ఆడండి. కర్తగా ఇది నా ఆజ్ఞ.

అంతకుముందు ఆజ్ఞను రద్దు చేస్తున్నాను.

డాక్టరు మాట్లాడవచ్చన్నాడు. మొదటి మాటగా మీ అక్కతో “కాఫీ” అన్నాను. గొంతు నాది కాదన్నట్టు ఉంది.

లక్ష్మీపతి


ఫ్రిస్కో,
9 ఆగస్టు 2025

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రిహార్సల్‌లో అందరికీ చదివి వినిపించాను. ‘తొందరలో రాశాను, నాకే నచ్చలేదు’ అన్న దగ్గర మణి గారు, “పెద్దవాళ్ళ వినయం చూడండయ్యా” అన్నారు. దేవకుమార్ గారు, “నో చాన్స్. మొదటి ఆజ్ఞే ఫైనల్. ఒక్క అక్షరం కోస్తే ఆడవద్దని ఆయనే రాశాడు” అన్నారు. మామ వేషం కట్టే సాత్విక్ ఆ పద్యానికి నా తల నిమరడం కూడా ప్రాక్టీస్ చేస్తున్నాడు.

తీసేయడం కుదరదు బావా. ఈ ఒక్కసారి మీ మాట వినను.

మొత్తం టైమ్ ఎంతవుతుందో ఇంకా చూడలేదు. చూస్తాను.

శశి


ఫ్రీమాంట్,
20 సెప్టెంబరు 2025

శశీ,

ఆట అయి వారమైంది. ఎయిర్‌పోర్టులో నువ్వు నా కాళ్ళకు దండం పెట్టి, “బావా, ఇండోర్ పద్యం పోయింది, నన్ను క్షమించండి” అన్నప్పుడు నేను “పోనీలేరా” అన్నాను. పెద్దమనిషిలా కనిపించి ఉంటాను. నేను పెద్దమనిషిని కాను. ఈ ఉత్తరం అందుకే.

ఆ నాలుగు పద్యాలు నీ కోసం రాయలేదు. మొదటివాణ్ణి నేనేనని నమ్మి, నా కోసం రాసుకున్నాను. కింది స్థాయిలో నా గొంతు ఇంకా పలుకుతుంది. రాగాలు సాగదీసి, వన్స్‌మోర్‌లు కొట్టించుకుని, అయిదున్నరదాకా స్టేజీ నా చేతిలో పెట్టుకుంటే, ఆరింటికి తాళాల మనిషి వచ్చేసరికి నువ్వు ఇండోర్ పొలిమేర కూడా చూడవని లెక్క వేశాను. నీ భాగాన్ని నరకడానికి రాశాను. కడుపులో మంటతో రాశాను. నా జీవితంలోకెల్లా మంచి పద్యాలు ఆ మంటలోనే వచ్చాయి, ఏం చేయను? అవి పోస్టులో పడ్డ రోజే నువ్వు నీ భాగం నాకు వదిలేశావు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నాది నేను కొలతలు తీసుకుని మరీ తవ్వుకున్నాను.

ఆ రోజు అయిదు గంటలకు రెండో మల్హర్‌రావు తలపాగా కట్టుకుని, కత్తి పెట్టుకుని, సైడ్ వింగ్‌లో నిలబడ్డాను. నువ్వు నాలుగో పద్యం అందుకున్నావు. ‘నీవె మామ’ దగ్గర ఒక్క క్షణం ఆగి సాత్విక్ వైపు చూశావు చూడు, అది నేను నేర్పింది కాదు. నేను పాడి ఉంటే అక్కడ ఆగేవాణ్ణి కాదు. జనం వన్స్‌మోర్ అన్నారు. పాడావు. మళ్ళీ అన్నారు. పాడావు. అప్పటికి అయిదూ ఇరవై అయింది. మూడోసారి అరిచినప్పుడు మణి హార్మోనియం మీద చేతులు ఆపి నా వైపు చూశాడు. వద్దని చెయ్యి అడ్డంగా ఊపితే చాలు. నా ఇండోర్ నాకు దక్కేది.

చెయ్యి పైకెత్తాను. పాడనీ అన్నాను.

నీ మీద ప్రేమతో ఎత్తానని దేవకుమార్ ఊరంతా చెబుతున్నాడు. నువ్వూ అదే నమ్ముతున్నావు. అదీ నిజం కాదు. మూడో వన్స్‌మోర్‌కు దాన్ని ఎట్లా తిప్పుతావో వినాలనిపించింది, అంతే. వింటూ ఏడ్చాను, కుళ్ళుతో కూడా ఏడ్చాను. ఆ తర్వాత నాకు మిగిలింది పాతిక నిమిషాలు. పీష్వా దర్బారు అయింది, మాళవ యుద్ధం సగమయింది, లైట్లు వేసేశారు. ఇండోర్ పద్యం గొంతులోనే ఉండిపోయింది.

ఇది చెప్పకుండా నీ దండాలు పుచ్చుకోవడం నాకు చేతకాలేదు. వీడియో చూసి మీ అక్కకు అంతా తెలిసింది. తిట్టలేదు. అది నాకు ఇంకా భయంగా ఉంది.

లక్ష్మీపతి


ఫ్రిస్కో,
24 సెప్టెంబరు 2025

బావా,

మీ ఉత్తరం మనీషాకు కూడా చూపించలేదు. ఇది చదివాక నాది మీరు ఎవరికైనా చూపించుకోవచ్చు.

ఆగస్టు మూడో శనివారం ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మొత్తం నాటకం నడిపాను. నాలుగు పద్యాలతో, ఒక్కో వన్స్‌మోర్‌తో లెక్క వేస్తే మీకు ఇండోర్ అందడం కష్టమని ఆ రోజే తెలిసింది. రెండో వన్స్‌మోర్ పడితే అంచు మీద ఉంటుంది. మూడోది పడితే అందదు. కాగితం మీద రాసుకున్నాను కూడా. ఎవరికీ చెప్పలేదు.

రెండో భాగం మీకు వదిలినప్పుడు నా మనసులో కల్మషం లేదు. ఒట్టు. కానీ ఆ తర్వాత అందరూ నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. “ఎంత త్యాగం! అచ్చం లక్ష్మీపతి గారి శిష్యుడివి” అన్నారు. ఏం పాడినా, “లక్ష్మీపతి గారిలా పాడావు” అనేవాళ్ళు. పదమూడేళ్ళుగా అదే మాట. అక్క క్లిప్పు విని ఫోన్ చేసి, “మీ బావ వయసులో ఉన్నప్పటిలా ఉందిరా” అంది. మీకు తేనె అని చెప్పిందట, నాకు మాత్రం ఇట్లా చెప్పింది. ఒక్క రోజు, ఒక్క ఆట, జనం ఇంటికి వెళ్ళేటప్పుడు నా గొంతు ఒక్కటే చెవుల్లో ఉంచుకుని వెళ్ళాలనిపించింది. చివర పాడినవాడే గుర్తుంటాడు కదా బావా. మీరు చివర పాడకూడదనిపించింది.

మొదటి రెండు వన్స్‌మోర్‌లు నిజమైనవి. మూడోది నేను పెట్టించాను. మూడో వరుసలో కూర్చున్నది మా ఆఫీసు టీమ్. వాళ్ళలో నీల్‌కు అసలు తెలుగే రాదు. నేను రెండో వన్స్‌మోర్ పాడటం పూర్తికాగానే లేచి అరవమని ముందురోజు లంచ్‌లో చెప్పాను. వాళ్ళు అరిచారు. మణి గారు మీ వైపు చూశారు. మీరు వద్దంటారని అనుకున్నాను, వద్దంటే బాగుండునని కూడా అనుకున్నాను. మీరు చెయ్యి ఎత్తారు.

అప్పటికైనా ఆగి ఉండవచ్చు. పాడాను.

ఇక మీదట బావా అని పిలిచే అర్హత నాకు ఉందో లేదో మీరే చెప్పాలి.

శశికాంత్


ఫ్రీమాంట్,
4 అక్టోబరు 2025

శశీ,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. రెండు రోజులు నీ మొహం చూడకూడదనుకున్నాను. బుధవారం మీ అక్కకు చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, “మా ఇంటి మగవాళ్ళిద్దరూ ఒకే బాపతు” అని లేచి వెళ్ళిపోయింది. గురువారం నాకు నవ్వొచ్చింది. కుళ్ళు నాకొక్కడికే ఉందని ఇన్ని నెలలూ తల వంచుకుని తిరిగాను. శుక్రవారం మళ్ళీ కోపం వచ్చింది. ఇంకా పోలేదు. పోతుందని నీకు మాట ఇవ్వలేను.

తెలుగు రానివాడు అరిస్తే నా ఇండోర్ వదులుకున్నాను. నిన్ను క్షమించానని రాయడానికి కలం కదలడం లేదు. కానీ ఆ మూడో వన్స్‌మోర్‌కు నువ్వు పాడింది అబద్ధం కాదు. అరిపించుకున్నది దొంగతనంగా అరిపించుకున్నావు, పాడింది మాత్రం దొరలా పాడావు. నాలా పాడలేదు. నాకన్నా బాగా పాడావు. ఈ వాక్యం రాయడానికి నాకు అరగంట పట్టింది, దాచుకో.

18వ తేదీ శనివారం వస్తున్నాను. మీ అక్క కూడా వస్తోంది, టికెట్లు ఆవిడే బుక్ చేసింది. డాక్టరుకు చెప్పలేదు, చెప్పను. మణిని హార్మోనియం పట్టుకుని మీ ఇంటికి రమ్మను. శ్రుతి ఒకటి తగ్గించమను. ఇంకెవరినీ పిలవకు. ఫోన్లు లోపల గదిలో పెట్టేయండి.

ఇండోర్ పద్యం పాడతాను. నువ్వు నా ఎదురుగా కూర్చుని వినాలి, తల దించుకోకుండా వినాలి. వన్స్‌మోర్ మాత్రం అనకు. రెండోసారికి నా దగ్గర గొంతు లేదు.

నీ బావ,
లక్ష్మీపతి